తంతి ఆఫీసులో పావుగంట

"మాట్లాడడం చేతకానివాణ్ణి ఎవరైనా ఎందుకు కోరుకుంటారు గురువుగారూ?" అని పైడిరాజు అడిగిన రోజు మేం నలుగురం చావడిలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నాం. ఫాల్గుణమాసపు మధ్యాహ్నం, కొండ మీంచి వేడిగాలి దిగుతోంది. కూర్మనాథం గారి ఆశ్రమంలో ప్రశ్నలకి వేరే వేళంటూ ఉండేది కాదు. అసలు ఆశ్రమం అనడమే పెద్దమాట. సాలూరు కొండల కింద మూడు పాకలూ, ఒక బావీ, కాస్త పసుపు మడీ. గురువుగారు ఎత్తుపీట మీద కూర్చుని ఉపదేశాలిచ్చే మనిషి కారు. మాతోపాటే ఏదో పని చేస్తూ ఉండేవారు. ఎవరైనా ఏదైనా అడిగితే శాస్త్రం విప్పి వాదించేవారు కాదు. ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పి, మళ్లీ పనిలో పడేవారు.

పైడిరాజు సర్వే ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగి. ఇరవై తొమ్మిదేళ్లుంటాయి. రెండేళ్లుగా ప్రతి శనివారం బస్సు దిగి వచ్చి, ఆదివారం సాయంత్రం వెళ్లిపోయేవాడు. ఆ రెండేళ్లలో అతను మాతో మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఒక ఉత్తరానికి సరిపోవు. అలాంటివాడు ఆ రోజు చాలాసేపు మాట్లాడాడు. వాళ్ల ఆఫీసుకి ఎదురుగా పశువుల ఆసుపత్రి ఉందట. అందులో హేమలత అని ఒకావిడ మందులిచ్చే పని చేస్తుందట. మధ్యాహ్నం ఇద్దరూ వేపచెట్టు కింద ఒకే బల్ల మీద కూర్చుని అన్నం తింటారట. ఎనిమిది నెలలైంది. ఆవిడకీ అతనికీ మధ్య నడిచిన మాటలు ఎండ గురించీ పచ్చడి గురించీ తప్ప ఇంకేమీ లేవు. ఇలా ఉంటే ఆ అమ్మాయి చేజారిపోతుందని అక్కగారు కోప్పడుతోంది. స్నేహితుడొకడు చొరవ చేసి ఫోనులో పెళ్లి సంబంధాల యాప్‌లో ఇతని ఫొటో పెట్టి, కింద 'సరదా మనిషి, కబుర్లంటే ఇష్టం' అని రాశాడు. నలుగురిలో ఎలా మాట్లాడాలో నేర్పే తరగతులున్నాయి, చేరమన్నాడు. "నేను అలా మారాలా గురువుగారూ? మారితేనేగాని నాలాంటివాడికి ఒక మనిషి దొరకదా?" అని అడిగి తలొంచుకున్నాడు.

గురువుగారు చేతిలో ఉన్న చింతపండు పక్కన పెట్టారు. ఆయన పని ఆపడం నేను అంతకుముందు చూడలేదు. తర్వాత ఆయన చెప్పింది, నాకు జ్ఞాపకం ఉన్నంతలో, ఇది.

ముప్పయి ఎనిమిదేళ్ల కిందట ఆయన సముద్రం ఒడ్డునున్న ఒక చిన్న పట్నంలో, కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పేవారు. అప్పటికి ఆయన ఎవరికీ గురువు కారు, ఉత్త కూర్మనాథం మాస్టారు. గొప్ప వక్త అని పేరు. ఊళ్లో సన్మానం జరిగినా, సంతాపసభ జరిగినా, పెళ్లి జరిగినా ఆయన లేచి నాలుగు ముక్కలు చెప్పాల్సిందే. "నేను లేచానంటే వెనక ఉన్నవాళ్లు కుర్చీలు ముందుకి జరుపుకునేవారు" అన్నారు గురువుగారు, ఎప్పుడో చేసిన దొంగతనం ఒప్పుకుంటున్నట్టు.

ఆయన అద్దెకున్న ఇంట్లోనే పక్క వాటాలో ఉమాపతి అనే ఆయన ఉండేవాడు. వాతావరణ కేంద్రంలో ఉద్యోగం. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి ఎండ ఎంత, గాలి ఎటు, వాన ఎన్ని మిల్లీమీటర్లు అన్నీ చూసి, ఆ లెక్కల్ని ఐదేసి అంకెల గుంపులుగా ఒక కాయితం మీద రాసి, సైకిలెక్కి తంతి ఆఫీసుకి తీసుకెళ్లేవాడు. అక్కడ సుభాషిణి అనే అమ్మాయి ఆ అంకెల్ని టకటకా మీట నొక్కి విశాఖపట్నానికి పంపేది. అవతలివాళ్లు అందిందని తిరిగి చెప్పడానికి ఇంచుమించు పావుగంట పట్టేది. ఏ అంకె మీదైనా అనుమానం వస్తే చెప్పడానికి ఉమాపతి అంతసేపూ అక్కడ ఉండాలి. మొదట్లో బయట మెట్ల మీద నిలబడేవాడు. ఒకరోజు జల్లు కొడుతుంటే ఆమె లోపల కిటికీ పక్కన ఒక స్టూలు వేయించింది. ఆ రోజు నుంచీ అతని చోటు అదే.

ఇద్దరూ మాట్లాడుకునేవారు కారు. కిటికీలోంచి సరుగుడు తోటా, తోట వెనక సముద్రమూ కనిపించేవి. ఆమె పని అయ్యాక చేతులు ఒళ్లో పెట్టుకుని అటు చూసేది. అతనూ అటే చూసేవాడు. జవాబు రాగానే "అందిందండి" అని ఆమె అనేది. "వస్తానండి" అని అతను లేచేవాడు. కొన్నాళ్లకి ఆమె ఇంటి దగ్గర్నుంచి ఫ్లాస్కులో టీ తేవడం మొదలుపెట్టింది, గ్లాసులు రెండు. ఒక కార్తీకంలో తుఫాను వచ్చింది. రెండు రోజులు గంటగంటకీ లెక్కలు పంపాల్సి వచ్చింది. ఆఫీసు పెంకులు ఎగిరిపోయి లోపలికి నీళ్లు పడుతుంటే, ఆమె మీట నొక్కుతున్నంతసేపూ ఉమాపతి వెనక నిలబడి, ఆమె మీదా ఆ యంత్రం మీదా గొడుగు పట్టాడు. తన వీపు తడిసి ముద్దయింది. అప్పుడు కూడా ఇద్దరి మధ్యా అంకెలు తప్ప మరో మాట లేదు. అలా రెండేళ్లు గడిచాయి.

ఒక సాయంత్రం ఉమాపతి మాస్టారి అరుగు మీదికి వచ్చి, చాలాసేపు ఊరికే కూర్చుని, "మాస్టారూ, ఒక మనిషి పక్కన జీవితమంతా కూర్చోవాలనిపిస్తే ఏం చెయ్యాలండీ?" అని అడిగాడు. సంగతి మెల్లగా రాబట్టాక మాస్టారు నవ్వారు. "కూర్చుంటే చాలదయ్యా, మాట్లాడాలి. రెండేళ్లపాటు ఒక ఆడపిల్ల ఎదుట ఇలా కూర్చుంటే ఆవిడ నిన్ను గోడ అనుకుంటుంది" అన్నారు. ఉమాపతి మొహం పాలిపోయింది. గోడ అన్న మాట అతనికి బాగా తగిలిందని మాస్టారికి తెలిసింది. తగిలినందుకు సంతోషించారు కూడా. మర్నాటి నుంచి తానే నేర్పుతానన్నారు.

సాయంత్రాలు ఇద్దరూ సముద్రపు ఒడ్డుకి వెళ్లేవారు. అక్కడ వలలు బాగుచేసుకునే జాలర్లని పలకరించి మాటల్లో పెట్టమనేవారు మాస్టారు. ఉమాపతికి చెమటలు పట్టేవి, నాలుక పిడచకట్టేది. అయినా చెప్పినట్టల్లా చేశాడు. పిట్టకథ ఎక్కడ మొదలెట్టాలో, నవ్వు వచ్చేముందు ఎంతసేపు ఆగాలో, ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తూ చెయ్యి ఎలా తిప్పాలో మాస్టారు నేర్పారు. పేపరు చదివించి, అందులోంచి కబుర్లు ఏరించారు. ఆరునెలలు గడిచేసరికి అతను మంగలి దుకాణంలో అయిదుగుర్ని ఒకేసారి నవ్వించాడు. ఆ రోజు మాస్టారు అతన్ని హోటలుకి తీసుకెళ్లి ఉప్మా పెసరట్టు తినిపించారు. ఉమాపతి అంటే ఊళ్లో అందరికీ ఇష్టం కలిగింది. ఇన్నాళ్లూ ఈ మనిషి ఎక్కడ దాక్కున్నాడా అని ఆశ్చర్యపోయినవాళ్లూ ఉన్నారు. మాస్టారికి ఒక బొమ్మని చెక్కినంత గర్వంగా ఉండేది.

అప్పుడతను తంతి ఆఫీసులో మాట్లాడడం మొదలుపెట్టాడు. మొదటిరోజు తనిఖీకొచ్చిన పై అధికారి వానకొలిచే గిన్నెలో చెయ్యి కడుక్కున్న కథ చెప్పాడు. సుభాషిణి నవ్వింది, టీ ఒలికింది. ఉమాపతి సైకిలు మీద రివ్వున వచ్చి, కాలేజీ మెట్ల మీదే మాస్టారికి ఆ సంగతి చెప్పాడు. ఆ తర్వాత రోజూ ఒక కథ. ముందురోజు సాయంత్రం మాస్టారు చెప్పేవారు, మర్నాడు ఉదయం అతను వినిపించేవాడు. ఆమె కిటికీ వైపు చూడడం మానేసింది. కుర్చీ అతని వైపు తిప్పుకుని, ఇంటికొచ్చిన చుట్టాల మాటలు విన్నట్టు మర్యాదగా వినేది. నవ్వవలసిన చోట నవ్వేది. మూడు నెలల తర్వాత ఒకరోజు ఫ్లాస్కు రాలేదు. మర్చిపోయానంది. ఆ వారమే ఇంకోరోజు, "మీరెందుకండీ పనులు మానుకుని ఇంతసేపు కూర్చోవడం? ఏదైనా అనుమానం ఉంటే కబురు పంపుతాను కదా" అంది. ఉమాపతి దిగులుగా వచ్చి ఆ మాట చెబితే, మాస్టారు కాసేపు ఆలోచించి, కథలు పాతబడ్డాయి, కొత్తవి కావాలి అన్నారు. కొత్తవి చెప్పారు కూడా.

చైత్రమాసంలో ఒక ఉదయం ఉమాపతి కాయితం ఇచ్చాడు. ఆమె సగం అంకెలు పంపి, మీట మీంచి చెయ్యి తీసింది. "ఇంట్లో సంబంధం చూశారండి. బరంపురం వాళ్లు. ఆదివారం మాట ఇచ్చేస్తారట" అని, అతని వైపు తిరిగి ఊరుకుంది. ఉమాపతి నవ్వాడు. పెళ్లిళ్ల పేరయ్య ఒకాయన ఒకే పిల్లని ఇద్దరు అన్నదమ్ములకి చూపించిన కథ అతని దగ్గర ఉంది. అది చెప్పాడు. మధ్యలో ఎక్కడా తడబడలేదు, చెయ్యి తిప్పాల్సిన చోట తిప్పాడు. ఆమె చివరిదాకా వింది. "బాగుందండి" అంది. మిగిలిన అంకెలు పంపింది. జవాబు వచ్చాక, "అందింది, మీరు వెళ్లొచ్చు" అంది.

వైశాఖంలో పెళ్లయింది. పెళ్లికూతురి తండ్రి నాటకాల పిచ్చిమనిషి, మాస్టారిని స్వయంగా వచ్చి పిలిచాడు. మాస్టారు వధూవరుల్ని దీవిస్తూ ఇరవై నిమిషాలు మాట్లాడారు, జనం చప్పట్లు కొట్టారు. ఉమాపతి కూడా వచ్చాడు. భోజనాల దగ్గర మగపెళ్లివారి పంక్తి మొత్తాన్ని నవ్వించాడు. అప్పగింతల ముందు పెద్దలందరి కాళ్లకీ దణ్ణం పెడుతూ సుభాషిణి మాస్టారి దగ్గరికి వచ్చింది. వంగి లేచి, పక్కన ఎవరూ లేకపోవడం చూసి, చిన్న గొంతుతో అడిగింది.

"మాస్టారూ, ఉమాపతి గారు మీ పక్క వాటాలోనే ఉంటారట కదా. మా ఇంట్లో పదకొండు మందిమి. అందరూ ఒక్కసారే మాట్లాడతారు. నేను నోరు విప్పేలోపు నా మాట ఇంకెవరో అనేస్తారు. పేరు సుభాషిణి అని పెట్టుకుని మూగదానిలా ఉంటావేమిటే అని నవ్వుతారు. రోజుకి ఆ పావుగంటే నా మీద ఎవరి మాటా పడేది కాదు. ఆయన పక్కన అలా ఉంటే, ఎప్పటికో నాక్కూడా ఒక మాట వస్తుందనిపించేది. ఆయనకి ఆ కబుర్లన్నీ ఎవరు నేర్పారండీ?"

"నాకు తెలియదమ్మా" అన్నారు మాస్టారు.

ఇక్కడ గురువుగారు ఆగారు. "ఇరవై నిమిషాలు మైకు ముందు నిలబడి మాట్లాడినవాణ్ణి, ఆ పిల్లకి 'నేర్పింది నేనే' అన్న ఒక్క ముక్క చెప్పలేకపోయాను" అన్నారు. మెడలో తాళి పడ్డాక చెప్పి ప్రయోజనమేమిటని ఆ రోజు తనకి తాను నచ్చజెప్పుకున్నారట. ఆమె బండి ఎక్కి వెళ్లిపోయింది. బరంపురంలో ఆమె బతుకు ఎలా సాగిందో ఆయనకి తెలియదు. ఎవరినీ అడగలేదు, అడిగే ధైర్యం రాలేదు.

ఉమాపతికి కూడా ఆయన చెప్పలేదు. ఆ ఏడే అతనికి బదిలీ అయింది. పదకొండేళ్ల తర్వాత విజయనగరం స్టేషన్లో కనబడ్డాడు. ప్లాట్‌ఫారం మీద బల్ల చుట్టూ పదిమంది గుమిగూడి నవ్వుతున్నారు, మధ్యలో ఉమాపతి. జుట్టు సగం నెరిసింది, పెళ్లి చేసుకోలేదు. మాస్టారిని చూసి లేచి వచ్చి కౌగలించుకుని, కుశలప్రశ్నలకి ముందే ఒక కథ ఎత్తుకున్నాడు. మాస్టారు అతని చెయ్యి పట్టుకుని దూరంగా తీసుకెళ్లి కూర్చోబెట్టి, పెళ్లిరోజున సుభాషిణి అన్న మాటలు ఒక్కటీ వదలకుండా చెప్పారు. తాను ఆడిన అబద్ధం కూడా చెప్పారు. ఉమాపతి విన్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి అతని మొహం మారింది. ఒకప్పుడు తన అరుగు మీద కూర్చున్న ఆ పాత మనిషి మళ్లీ కనిపించాడట మాస్టారికి.

"మీరనుకుంటున్నట్టు కాదు మాస్టారూ" అన్నాడు ఉమాపతి. "నా కబుర్లు ఆవిడకి నచ్చలేదని నాకు ముందే తెలుసు. ఆ చైత్రమాసం ఉదయం ఆవిడ మీట మీంచి చెయ్యి తీసింది. వార్త సగంలో ఉండగా ఆవిడ చెయ్యి తీయడం నేను ఎప్పుడూ చూడలేదు, తుఫానులో కూడా తీయలేదు. నన్ను అడుగుతోందని నాకు అర్థమైంది. భయం వేసింది. పాత రోజుల్లో అయితే భయం వేస్తే ఊరుకునేవాణ్ణి. ఊరుకుని ఉంటే నా మొహంలోనైనా ఆవిడకి తెలిసేది. కానీ అప్పటికి నా దగ్గర కథలున్నాయి కదండీ."

అతని గొంతులో నిష్ఠూరం లేదు. అదే తనకి ఎక్కువ బాధగా ఉందని గురువుగారు అన్నారు. ఉమాపతి వెళ్లాల్సిన రైలు వచ్చింది. అతను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. రైలు కదిలేలోపే ఎదుటి సీట్లో కూర్చున్నాయన్ని ఏదో అడిగాడు. రైలు కదులుతుండగా లోపలినుంచి నలుగురైదుగురు ఒక్కసారిగా నవ్వడం మాస్టారికి వినిపించింది. ఆ ఏడే ఆయన ఉద్యోగం వదిలేశారు. మళ్లీ ఏ వేదికా ఎక్కలేదు. కిందటి ఏడాది వర్షాకాలంలో ఉమాపతి పోయాడని కబురొస్తే, ఆయన ఒక్కరే బస్సెక్కి వెళ్లి వచ్చారు. ఆ ప్రయాణం మాకు గుర్తుంది, ఎందుకు వెళ్తున్నారో మాత్రం అప్పుడు చెప్పలేదు. అక్కడికొచ్చిన జనమంతా 'ఎంత సరదా మనిషండీ, ఆయనకి దిగులంటే ఏమిటో తెలియదు' అని చెప్పుకుంటూ ఏడ్చారట.

ఎండ చావడి గడప దాకా వచ్చింది. గురువుగారు మళ్లీ చింతపండు అందుకున్నారు. పైడిరాజు ఆయన చేతుల వంక చూస్తూ కూర్చున్నాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి. కానీ తనకి కావలసింది ఇంకా దొరకలేదన్నట్టు ఉంది అతని మొహం. నిజం చెప్పాలంటే నాకూ దొరకలేదు. ఉమాపతి మొదట్లో ఉన్నట్టే ఉండిపోతే ఏమయ్యేది? రెండేళ్లు చాలక ఇంకో రెండేళ్లు ఆ కిటికీలోంచి సముద్రం చూస్తూ కూర్చునేవారు. బరంపురం సంబంధం అప్పుడూ వచ్చి ఉండేది.

చివరికి పైడిరాజే నోరు విప్పాడు.

"అయితే గురువుగారూ, నన్నిప్పుడు ఏం చెయ్యమంటారు? హేమలత దగ్గర మాట్లాడమంటారా, ఊరుకోమంటారా?"

గురువుగారు తలెత్తి అతని వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు, దయ కూడా అంతగా లేదు. బాగా అలసిపోయిన మనిషి చూపులా ఉంది.

"ఉమాపతి కూడా వచ్చి నన్నే అడిగాడు నాయనా" అన్నారు. "ఆవిణ్ణి అడగలేదు."